అప్‌డేట్: వదిన పాడిన కీర్తన మీద క్లెయిమ్ తీసేశారు
కడపలో మా వదిన ఇంట్లోనే పాడిన అన్నమయ్య కీర్తన వీడియోకు యూట్యూబ్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి కాపీరైట్ క్లెయిమ్ (ఇందులో హక్కు మాదే అని) వచ్చింది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లోనే డిస్ప్యూట్ (అభ్యంతరం) వేశాం, కంపెనీ వాళ్లు క్లెయిమ్ వదిలేశారు. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల టైముంటుంది, ఆ టెన్షనే ఎక్కువ.

అన్నమయ్య కన్నుమూసింది 1503లో, సాహిత్యానికి కాపీరైట్ లేదు. బాణీ ఈ కాలపు స్వరకర్తదైతే మాత్రం ఆయన పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. రికార్డింగుకు వేరే హక్కు, విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. వదిన పాడింది వాళ్ల అవ్వ నేర్పిన పాత బాణీ, తంబూర కూడా ఇంట్లోదే. డిస్ప్యూట్‌లో అదే రాశాం.

వేరేవాళ్ల పాటను "పది సెకన్లలోపు వాడితే ఏం కాదు" అని చెప్పిన తమ్ముడూ, అలాంటి రూలు మన చట్టంలో లేదబ్బా. సినిమా పాట ముక్కను బీట్‌లో కలపాలంటే రికార్డింగు హక్కుదారుల అనుమతి, పాట హక్కుదారుల అనుమతి రెండూ తీసుకో.