బయాప్సీలో ఏమీ లేదన్నారు, పీఎస్ఏ మాత్రం దిగట్లేదు. మళ్లీ బయాప్సీ చేయించాలా?

పెద్దకొడుకు: నాన్నగారికి 66. పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్) పెరుగుతోందని నిరుడు ప్రోస్టేట్ బయాప్సీ చేశారు. 12 ముక్కలు తీశారు, ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. మొన్న రక్తపరీక్షలో పీఎస్ఏ 6.4. గ్రంథి సైజు 58 సీసీ. తమ్ముడేమో వెంటనే ఇంకోసారి చేయిద్దామంటాడు. నాన్నగారు ఆ సూదుల గొడవ మళ్లీ నావల్ల కాదంటున్నారు. ముదిరే రకం క్యాన్సర్ లోపల దాక్కుందో లేదో ముందే తెలిసే దారి ఉందా?

నిమ్మళం: డెన్మార్క్‌లో మొదటి బయాప్సీలో క్యాన్సర్ దొరకనివాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2017లో లెక్క తేల్చారు. పీఎస్ఏ 10 లోపు ఉన్నవాళ్లలో 15 ఏళ్లలో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 0.7 శాతం. ఈమాత్రానికి పెద్దాయన్ని మళ్లీ టేబుల్ ఎక్కించాలా? మలద్వారం గుండా సూది వేస్తే ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది.

సందేహి: అదే లెక్కలో పీఎస్ఏ 20 దాటినవాళ్లకు 17.6 శాతం అని ఉంది, అదీ చెప్పండి. నెగెటివ్ అన్న మాట అందరికీ ఒకే భరోసా ఇవ్వదు. మామూలు బయాప్సీలో సూది వెనకనుంచి వెళ్తుంది, గ్రంథి ముందు భాగంలో గడ్డ ఉంటే తగలకపోవచ్చు. బ్రిటన్‌లో ప్రామిస్ అనే అధ్యయనంలో గ్రంథి అంతా జల్లెడ పట్టినట్టు ముక్కలు తీసి పోల్చి చూశారు. ప్రమాదకరమైన క్యాన్సర్లలో మామూలు బయాప్సీ 48 శాతమే పట్టింది, ఎమ్మారై 93 శాతం పట్టింది. మీవాళ్లు ఎమ్మారై తీయించారా?

పెద్దకొడుకు: లేదండి.

లెక్కలపిచ్చి: గ్రంథి పెద్దదైతే పీఎస్ఏ ఎలాగూ ఎక్కువే ఉంటుంది. అందుకే సైజుతో భాగించి చూస్తారు. 6.4ని 58తో భాగిస్తే 0.11. సాధారణంగా 0.15 దాటితే అనుమానిస్తారు. ఈ లెక్కన ఆగొచ్చు. ఇంతకీ నాన్నగారు ప్రోస్టేట్ వాపుకు ఏం మాత్ర వాడుతున్నారు?

పెద్దకొడుకు: టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర. బయాప్సీకి చాలా ముందునుంచే.

లెక్కలపిచ్చి: తిరకాసంతా అక్కడే ఉంది. డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలు, ఏడాది వాడేసరికి పీఎస్ఏని దాదాపు సగానికి దించేస్తుంది. కాబట్టి రిపోర్టులో 6.4 అంటే 12.8 కింద లెక్క. 58తో భాగిస్తే 0.22. నిమ్మళం గారి 0.7 శాతం ఇక్కడ చెల్లదు. 10 నుంచి 20 మధ్యవాళ్లకు అదే అధ్యయనంలో 3.6 శాతం.

నిమ్మళం: ఆ మాత్ర గ్రంథిని కూడా పావు వంతు దాకా కుదిస్తుంది కదండీ. పీఎస్ఏని రెట్టింపు చేసి, కుదించుకుపోయిన సైజుతో భాగిస్తే ఎక్కువే కనబడుతుంది.

లెక్కలపిచ్చి: నిజమే. అసలు సైజు 77 అనుకున్నా 0.17 వస్తుంది, గీత దాటినట్టే. దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఈ మాత్ర మీద ఉన్నప్పుడు పీఎస్ఏ దిగి అక్కడే ఉండాలి. దిగినది మళ్లీ ఎక్కుతుంటే, అంకె చిన్నదైనా సరే తేలిగ్గా తీసుకోకూడదు. పాత రిపోర్టులన్నీ తీసి, అట్టడుగున ఎంత ఉండేదో చూడండి.

సందేహి: ఎలాగూ రిపోర్టులు తీస్తున్నారు కాబట్టి బయాప్సీదీ ఒకసారి చదవండి. అందులో "ఏసాప్" అని ఉంటే, అంటే కొన్ని కణాలు అనుమానంగా ఉన్నా క్యాన్సరని తేల్చలేకపోతే, మళ్లీ చేయించాల్సిందే. లేకపోతే ముందు ఎమ్మారై. పై-ర్యాడ్స్ (ఎమ్మారైలో కనబడిన మచ్చ మీద అనుమానం ఎంతో 1 నుంచి 5 దాకా చెప్పే అంకె) 4, 5 వస్తే ఆ మచ్చకే గురిపెట్టి, వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మంలోంచి సూది వేయమని అడగండి. ఇన్ఫెక్షన్లు తక్కువ, ముందు భాగమూ అందుతుంది. గుడ్డిగా ఇంకో 12 ముక్కలు తీయించడానికి మాత్రం నేను ఒప్పుకోను, తమ్ముడు ఎంత టెన్షన్ పడ్డా సరే.

పెద్దకొడుకు: ఏసాప్ లేదు. మాత్ర మొదలుపెట్టకముందు పీఎస్ఏ 7.5, తర్వాత 4.1కి దిగింది, బయాప్సీ నాటికి 5.8. సూది లేదంటే ఎమ్మారైకి నాన్నగారు సరేనన్నారు.

నిమ్మళం: 4.1 నుంచి 6.4కి ఎక్కిందంటే నేనూ ఎమ్మారైకే ఓటేస్తా. పై-ర్యాడ్స్ 2 వస్తే మాత్రం ఆ సూది ఎందుకని మళ్లీ ఇక్కడే వాదిస్తా.

లెక్కలపిచ్చి: 2 వచ్చినా 0.17 ఎక్కడికీ పోదండీ. రండి, చూసుకుందాం.