తక్కువ బడ్జెట్ రేస్ టీమ్‌కి వాకీటాకీలు ఏవి తీసుకోవాలి? డబ్బు ఎక్కడ పెట్టాలి?

లాస్ట్‌ల్యాప్_లచ్చి:
అందరికీ నమస్తే. మాది చిన్న టీమ్ అండి, పాత హ్యాచ్‌బ్యాక్‌కి రోల్ కేజ్ (లోపల ఇనుప గొట్టాల చట్రం) వేయించుకుని ఎండ్యూరెన్స్ రేసుల్లో (గంటల తరబడి సాగేవి) దిగుతున్నాం, స్పాన్సర్ ఎవరూ లేరు, అంతా సొంత జేబే. ఇప్పటిదాకా పిట్ బోర్డు (ట్రాక్ పక్కన మా టీమ్ ఉండే పిట్ నుంచి డ్రైవర్‌కి చూపించే రాత బోర్డు) మీదే నెట్టుకొచ్చాం కానీ రాత్రి పూట బోర్డు కనపడదు, ఇంజన్ టెంపరేచర్ పెరుగుతున్నా డ్రైవర్‌కి మాతో చెప్పే దారి లేదు, లోపలికి వచ్చాకే తెలుస్తుంది. ఇక రేడియోలు కొనేద్దాం అనుకుంటున్నాం. బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి చీప్ సెట్లు సరిపోతాయా లేక ప్రొఫెషనల్ మోటరోలా టైపే కావాలా? ఫ్రీక్వెన్సీల్లో వీహెచ్ఎఫ్ (తక్కువది, 150 మెగాహెర్ట్జ్ దగ్గర) మంచిదా యూహెచ్ఎఫ్ (ఎక్కువది, 460 దగ్గర) మంచిదా, డిజిటల్ అంటున్నారు అది అవసరమా? ఇంకోటి, వీఓఎక్స్ పెడితే బటన్ నొక్కకుండానే మాట్లాడొచ్చంట కదా, అది చాలు అంటాడు మావాడొకడు.

స్పానర్_బాబాయ్:
లచ్చి గారూ ముందు ఆ చివరి దానికి చెప్తా, వీఓఎక్స్ రేస్ కారులో వద్దే వద్దు. అది శబ్దం వినపడగానే ట్రాన్స్‌మిట్ మొదలెడుతుంది, కారులో శబ్దం ఆగేదెప్పుడు? ఎగ్జాస్ట్ మోతకే మైక్ ఓపెన్ అయిపోయి ఛానల్ అంతా బ్లాక్ అవుతుంది, మీరు పిట్ నుంచి ఎంత అరిచినా డ్రైవర్‌కి వినపడదు ఎందుకంటే వాడి సెట్ పంపుతూ ఉంది, అప్పుడు అందుకోలేదు. స్టీరింగ్ మీద పీటీటీ బటన్ (నొక్కితేనే మాట పంపేది) పెట్టుకోండి, స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి స్ప్రింగ్ లాంటి చుట్టల వైరు వేయాలి, ఊడదీసే స్టీరింగ్ అయితే వెల్క్రోతో కట్టేది దొరుకుతుంది అదే బెస్ట్.

ఇక అసలు సంగతి. అందరూ రేడియో ఏది అని అడుగుతారు, హెల్మెట్ కిట్ (లోపలి మైకూ ఇయర్‌బడ్సూ) ఏది అని ఒక్కరూ అడగరు. ఆ చీప్ సెట్ 4-5 వాట్లు ఇస్తుంది, మామూలు సర్క్యూట్‌కి అది చాలు. చెడేది ఎక్కడంటే మైక్ దగ్గరా, చెవి దగ్గరా. సెట్‌తో పాటు బాక్సులో వచ్చే ఇయర్‌పీస్ హెల్మెట్ కింద పెట్టుకుని రేసుకి వెళ్తే ఇంజన్ తప్ప ఏమీ వినపడదు. చెవిని పూర్తిగా మూసే ఫోమ్ టిప్ ఇయర్‌బడ్స్ కావాలి, కుదిరితే చెవి అచ్చు తీయించి చేసేవి ఇంకా మంచిది. అవి బయటి మోతని ఆపుతాయి కాబట్టి వాల్యూమ్ తగ్గించి పెట్టుకోవచ్చు, లేకపోతే మోత మీద ఇంకా మోత పెంచి చెవులు పాడుచేసుకోవడమే.

మైక్ నాయిస్ క్యాన్సిలింగ్‌ది తీసుకోండి, అది పనిచేసే పద్ధతి తెలిస్తే పెట్టడం కూడా సరిగ్గా వస్తుంది. దానికి ముందూ వెనకా రెండు వైపులా రంధ్రాలుంటాయి, దూరం నుంచి వచ్చే మోత రెండు వైపుల నుంచీ సమానంగా దూరి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, దగ్గరున్న మీ గొంతు మాత్రం ముందు వైపే గట్టిగా పడుతుంది. అందుకే పెదవికి దాదాపు తగిలేంత దగ్గరగా ఉండాలి, మాట్లాడే వైపు నోటికే తిరిగి ఉండాలి. గడ్డం దగ్గర వేలాడేసి రేడియో బాలేదు అని తిట్టేవాళ్లు ప్రతి పాడక్‌లో (టీమ్‌లు మకాం వేసే చోటు) ఉంటారు.

పిట్‌లో వాళ్లకి కూడా చెవులు కప్పే హెడ్‌సెట్ ఒక్కటైనా కొనండి, అందరికీ అక్కర్లేదు, డ్రైవర్‌తో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి ఎలాగూ.

ఆర్‌ఎఫ్_రమణి:
బాబాయ్ చెప్పిన దానికి నేను యాంటెన్నా కలుపుతా. కేజ్ లోపల సీటు పక్కన జిప్ టై వేసి కట్టిన సెట్‌కి దాని సొంత రబ్బర్ యాంటెన్నాయే ఉంచితే చుట్టూ ఇనుమే, సిగ్నల్ కిటికీల్లోంచి ఎంత జారితే అంత. రూఫ్ మీద చిన్న యాంటెన్నా బిగించి కేబుల్‌తో సెట్‌కి కలపండి, తేడా మీకే తెలుస్తుంది. 5 వాట్ల సెట్ తీసేసి 10 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే, వినేవాడికి పెద్ద తేడా ఏమీ ఉండదు, అదే యాంటెన్నా బయటికి తెస్తే అంతకంటే ఎక్కువే వస్తుంది, పైగా ఖర్చు తక్కువ. పిట్‌లో కూడా అంతే, చేతిలో సెట్ పట్టుకుని షెడ్డులో కూర్చోకుండా ఒక గడకర్రకి యాంటెన్నా కట్టి పైకి లేపండి. ఈ ఫ్రీక్వెన్సీలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి, మధ్యలో గుట్టో గ్రాండ్‌స్టాండో ఉంటే ఎత్తు ఒక్కటే మందు.

వీహెచ్ఎఫ్ యూహెచ్ఎఫ్ గొడవలో నా ఓటు యూహెచ్ఎఫ్‌కే. క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో పావు వంతు) యాంటెన్నా 460 మెగాహెర్ట్జ్ దగ్గర 16 సెంటీమీటర్లు ఉంటుంది, 150 దగ్గర అరమీటరు. అరమీటరు కడ్డీ రూఫ్ మీద ఊగుతూ ఉంటే ఎవరో ఒకరు కారు తోసేటప్పుడు విరగ్గొడతారు. చెట్లు గుట్టలు ఎక్కువుండే ర్యాలీ స్టేజీలకైతే వీహెచ్ఎఫ్ మేలు అంటాను, సర్క్యూట్‌కి కాదు. రూఫ్ ఫైబర్‌ది అయితే మామూలు యాంటెన్నా సరిగ్గా పనిచేయదు, కింద లోహం లేదు కదా, గ్రౌండ్ ప్లేన్ అక్కర్లేనిది అడిగి తీసుకోండి. కేబుల్ ఇగ్నిషన్ వైర్ల పక్కనుంచి లాగొద్దు, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ పెరిగే టిక్‌టిక్ మోత వస్తుంటే అదే కారణం, రెసిస్టర్ ఉన్న స్పార్క్ ప్లగ్స్ వేశారో లేదో కూడా చూసుకోండి.

డిజిటల్ అవసరం లేదు ఇప్పుడే. సిగ్నల్ తగ్గితే అనలాగ్‌లో గరగర వస్తుంది కానీ మాట అర్థమవుతుంది, డిజిటల్‌లో బాగా వచ్చి వచ్చి ఒక్కసారిగా తెగిపోతుంది. పైగా అది మనిషి గొంతుని కుదించి పంపుతుంది, వెనక ఇంజన్ మోత కలిస్తే గొంతు రోబోలా అయిపోతుంది.

కొనేముందు లైసెన్స్ సంగతి తప్పకుండా చూడండి, దీన్ని చాలామంది లైట్ తీసుకుంటారు. ఈ సెట్‌లో ఏ ఫ్రీక్వెన్సీ టైప్ చేస్తే అది తీసుకుంటుంది, తీసుకుంటుంది కదా అని వాడటం చట్టబద్ధం కాదు, అవి పోలీసులవో అంబులెన్సులవో అయ్యుండొచ్చు. యూరప్ పీఎంఆర్446 లాంటి లైసెన్స్ అక్కర్లేనివి అర వాట్‌కే పరిమితం, యాంటెన్నా సెట్‌కే అంటుకుని ఉండాలని రూల్, అంటే రూఫ్ యాంటెన్నా పెట్టలేరు. అమెరికాలో లైసెన్స్ అక్కర్లేని ఎఫ్ఆర్ఎస్‌కి కూడా యాంటెన్నా రూల్ అంతే, జీఎంఆర్ఎస్‌కి లైసెన్స్ తీసుకుంటే యాంటెన్నా మార్చుకోవచ్చు, దానికి పరీక్ష లేదు. మీ దేశంలో రూల్ ఏంటో చూసి, రేస్ నిర్వాహకులకి మీ ఫ్రీక్వెన్సీ ముందే చెప్పండి.

థర్డ్‌గేర్_తమ్ముడు:
ఇంత కష్టం ఎందుకు బ్రో, ఫోన్‌లో గ్రూప్ కాల్ పెట్టి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వేసుకుంటే అయిపోద్ది కదా, మేం ట్రాక్ డేకి (పోటీ లేకుండా ట్రాక్ మీద సరదాగా నడిపే రోజు) అదే చేస్తాం

స్పానర్_బాబాయ్:
తమ్ముడూ ట్రాక్ డేకి ఓకే. రేస్ రోజు జనం నిండితే నెట్‌వర్క్ పడుకుంటుంది, కాల్ కట్ అయితే గ్లోవ్స్ వేసుకున్న చేతులతో మళ్లీ కలిపేదెవరు? ఇయర్‌బడ్ ఛార్జింగ్ మధ్యలో అయిపోతే హెల్మెట్ తీయాలి. రేస్ రూల్స్‌లో ఫోన్‌కి ఒప్పుకుంటారో లేదో అదీ చూడాలి. బ్యాకప్‌గా ఉంచుకోండి, తప్పు లేదు.

లాస్ట్‌ల్యాప్_లచ్చి:
అబ్బ చాలా క్లియర్‌గా చెప్పారు ఇద్దరూ, థాంక్స్. రేడియోలకి అనుకున్న డబ్బులో సగం పైగా హెల్మెట్ కిట్‌కే పెడతాం అయితే. ఒక పాత టీమ్ వాళ్లు వాడిన కిట్ అమ్ముతున్నారు, పొడుగు ప్లగ్ ఉంది, నాలుగు కాంటాక్ట్‌లు. మా చీప్ సెట్‌కి రెండు పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, కలుస్తుందా? ఇంకా రమణి గారూ, ప్రైవసీ కోడ్ పెడితే వేరే టీమ్‌ల గోల ఉండదంటున్నారు నిజమేనా?

ఆర్‌ఎఫ్_రమణి:
ఆ కోడ్ అంటే సీటీసీఎస్ఎస్, మీ గొంతుతో పాటు ఒక సన్నటి టోన్ పంపుతుంది, ఆ టోన్ లేని మాటలు మీ స్పీకర్‌లో రావు, అంతే. మీ మాటలు మాత్రం ఎవడైనా వినొచ్చు, ప్రైవసీ ఏమీ లేదు. అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో టీమ్ ఉంటే ఇద్దరూ ఒకేసారి నొక్కినప్పుడు ఎవరిదీ వినపడదు, కోడ్ వేరైనా సరే. కాబట్టి వేరే ఫ్రీక్వెన్సీ చూసుకోండి, కోడ్ దాని తర్వాత.

సెట్టింగ్స్ కంప్యూటర్‌తో చేసుకోండి, చర్ప్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కేబుల్ ఒకటి కావాలి. డ్యూయల్ వాచ్ (రెండు ఛానళ్లు కలిపి వినేది) ఆపండి లేకపోతే డ్రైవర్ తెలియకుండా వేరే ఛానల్‌లో సమాధానం చెప్తాడు. బ్యాటరీ సేవర్ ఆపండి, అది ఉంటే మాట మొదటి ముక్క మింగేస్తుంది, "లోపలికి రావద్దు" అన్నప్పుడు ఏ ముక్క పోయినా తంటానే. రోజర్ బీప్ (మాట అయ్యాక వచ్చే కూత) ఆపి, ఒక్కసారి నొక్కితే ఎంతసేపు పంపాలో ఆ టైమర్ ఒక నిమిషానికి పెట్టండి, బటన్ ఇరుక్కుపోయినా ఛానల్ జామ్ అవకుండా అదే కట్ చేస్తుంది. కీప్యాడ్ లాక్ చేయడం మర్చిపోకండి. అన్ని సెట్లూ 12.5 కిలోహెర్ట్జ్ నారోలోనో (సన్నటి ఛానల్) అన్నీ వైడ్‌లోనో ఉండాలి, ఒకటి అలా ఒకటి ఇలా ఉంటే మాట సన్నగానో పగిలినట్టో వస్తుంది.

స్పానర్_బాబాయ్:
ప్లగ్ దగ్గర జాగ్రత్త. ఆ నాలుగు కాంటాక్ట్‌ల ప్లగ్‌లో ఐఎంఎస్ఏ వైరింగ్ అని ఒకటి, నాస్కార్ వైరింగ్ అని ఇంకోటి ఉంటాయి (రెండూ అమెరికా రేసు సంస్థల పేర్లు), బయటికి చూస్తే తేడా పట్టలేం, లోపల వైర్ల వరస వేరు. మీ హెల్మెట్‌ది ఏదో కార్ హార్నెస్ (కారులో హెల్మెట్‌నీ బటన్‌నీ సెట్‌కి కలిపే వైర్లు) కూడా అదే కావాలి, కాకపోతే మధ్యలో అడాప్టర్. అమ్మేవాళ్లని అదే మాట అడగండి, తెలియదు అంటే వాళ్ల రేడియోతో కలిపి మీ ఎదురుగా మాట్లాడించి చూపించమనండి, హార్నెస్ కూడా కలిపే ఇమ్మనండి. హార్నెస్ రెండో చివర మీ సెట్‌కి సరిపోయేది ఉండాలి, బావోఫెంగ్‌కి కెన్‌వుడ్ రకం రెండు పిన్నులు, ఆ పేరు చెప్తే దొరుకుతుంది. ఆ రెండు పిన్నులు గతుకులకి వదులై పైకి లేస్తుంటాయి కాబట్టి సెట్‌కి ఆనించి టేపు వేసేయండి.

బ్యాటరీ డ్రైవర్ మారినప్పుడల్లా మార్చేయండి, అయిపోయిందా లేదా అని చూడక్కర్లేదు. కొత్త డ్రైవర్ బెల్టులు బిగించుకోగానే, కారు ఇంకా జాకీ మీద ఉండగానే రేడియో చెక్ చేయించండి, పిట్ లేన్ దాటాక వినపడట్లేదు అని తెలిస్తే చేసేదేం లేదు. ఆ పిట్ బోర్డు మాత్రం పారేయకండి.

లాస్ట్‌ల్యాప్_లచ్చి:
సరే బాబాయ్, రేపే వాళ్లకి ఫోన్ చేసి వైరింగ్ ఏదో కనుక్కుంటా. ఏదైనా సరే తెలిస్తే తీసేసుకుంటాం, కార్ హార్నెస్ ఇంకా కొనలేదు ఎలాగూ.