పిల్లలకు పిడుదు పట్టకుండా ఏం రాయాలి?

పాలమూరు అమ్మ: నాలుగు మెడికల్ షాపులు తిరిగాను, మూడు గంటల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అందరూ దోమల క్రీమే చేతిలో పెడుతున్నారు. పోయినసారి పాపకు చెవి వెనక నువ్వుగింజంత నల్లగా కనిపిస్తే పుట్టుమచ్చ అనుకున్నాం. రెండో రోజు స్నానం చేయిస్తుంటే కాళ్లు కదిలాయి. ఆదివారం మళ్లీ పోతున్నాం. ఏం రాయాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

అచ్చంపేట నర్సు: పాప వయసెంత? ఎక్కడికి?

దేవరకొండ రైతు: ముందు కొట్టం చూసుకోండమ్మా. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది, అదీ గోడ పగుళ్లలో. బర్రె ఒంటికి మందు కొట్టి గోడలు వదిలేస్తే మళ్లీ మొదటికే. కుక్క ఉంటే దాని చెవుల లోపల కూడా చూడాలి.

పాలమూరు అమ్మ: అన్నా, మాకు బర్రెల్లేవు, కుక్క లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పోయేది నల్లమల అడవిలో మల్లెలతీర్థం జలపాతానికి. పాపకు ఏడాదిన్నర.

అచ్చంపేట నర్సు: అది ముందే చెప్పాలి. డీట్ (పురుగులను దగ్గరికి రానివ్వని రసాయనం) ఉన్న మందు రాయొచ్చు, డీట్ 30 శాతం మించొద్దు. మీ చేతిలో వేసుకుని పాపకు పూయండి. పాప అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర వద్దు. లెమన్ యూకలిప్టస్ నూనె మూడేళ్లలోపు వాడకూడదు. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపండి, గడ్డిలో కూర్చోబెట్టకండి. ఇంటికి రాగానే చెవుల వెనక, చంకలు, బొడ్డు, మోకాళ్ల వెనక, జుట్టు కుదుళ్లు వేలితో తడమండి.

కల్వకుర్తి సారు: దాన్ని గోమారి అనాలి.

దేవరకొండ రైతు: మా దిక్కు పిడుదే సారూ. గోమారి వేరు.

కల్వకుర్తి సారు: పేర్లు కలిపేస్తే జబ్బులూ కలిసిపోతాయి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అంటించేది పిడుదు కాదు, చిగ్గర్ అనే సన్న పురుగు. కంటికి ఆనదు.

అచ్చంపేట నర్సు: నిజమే. అది కుట్టిన చోట చాలామందికి కాలినట్టు నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు. రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి పోయొచ్చామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

దేవరకొండ రైతు: పట్టినదానికి కిరోసిన్ చుక్క చాలు.

అచ్చంపేట నర్సు: వద్దు! సన్న మొన ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. తర్వాత సబ్బుతో కడగాలి.

పాలమూరు అమ్మ: మేం కొబ్బరినూనె పోశాం. సరే, ప్లక్కర్ కొంటాను. థాంక్సండీ.

దేవరకొండ రైతు: సారూ, గోమారి సంగతి మా పశువుల డాక్టరును అడిగి రాస్తాను.