అప్‌డేట్: వర్చువల్ మెషీన్లు మళ్లీ లేచాయి

మొన్న అడిగింది ఇదీ: ఉబుంటు ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్‌ను (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) 6.1 నుంచి 7.0కి మార్చాక ఏ మెషీన్ స్టార్ట్ చేసినా "కెర్నల్ డ్రైవర్ నాట్ ఇన్‌స్టాల్డ్, ఆర్‌సీ=-1908" అని ఆగిపోతోంది. ఇప్పుడు తీరింది.

డ్రైవర్ ఉంది, దానికి డిజిటల్ సంతకమే లేదు. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్నవాటినే బూట్‌లో అనుమతించే రక్షణ) ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నల్, అంటే సిస్టమ్ మూలభాగం, లోడ్ కానివ్వదు. సెక్యూర్ బూట్ ఆపేయమని కొందరన్నారు గానీ, ఆఫీసు పని కూడా ఇందులోనే కాబట్టి నాకు మనసొప్పలేదు. అందుకే మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో, సంతకానికి వాడే నా సొంత కీ (దీన్నే మోక్ అంటారు) ఇంపోర్ట్ చేసి రీబూట్ చేశాను. నీలం తెర వస్తుంది. అక్కడే జాగ్రత్త! కొన్ని సెకన్లలో కీబోర్డ్ మీద ఏదో ఒక బటన్ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, మన సంతకం కీ నమోదు కాదు. "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని, ఇంపోర్ట్ అప్పుడు పెట్టిన పాస్‌వర్డే ఇవ్వాలి. తర్వాత సుడోతో (అడ్మిన్ హక్కులతో) వర్చువల్‌బాక్స్ డ్రైవర్లను తయారుచేసే వీబాక్స్‌కాన్ఫిగ్ కమాండ్ నడిపితే మాడ్యూల్స్ సంతకంతో సహా తయారయ్యాయి.

సేవ్డ్ స్టేట్‌లో (షట్‌డౌన్ చేయకుండా, నడుస్తున్న స్థితినే దాచి) వదిలేసిన ఒక మెషీన్ మాత్రం తెరుచుకోలేదు. ఆ స్టేట్ డిస్కార్డ్ చేశాక బూటైంది, డిస్కులో ఫైళ్లన్నీ భద్రం. గెస్ట్ అడిషన్స్ (మెషీన్ లోపల వేసే వర్చువల్‌బాక్స్ సహాయక సాఫ్ట్‌వేర్) కొత్తవి వేశాక, ల్యాప్‌టాప్‌తో పంచుకునే షేర్డ్ ఫోల్డర్ కూడా వచ్చింది.

సెక్యూర్ బూట్ సంగతి ముందే పట్టుకుని చెప్పిన అన్నకి చాలా థాంక్స్.