ఈ వారం మొదటి నుంచి చివరిదాకా మీరు వింటున్న ఆల్బమ్ ఏది?

క్రోంపేట శ్రోత:

చెన్నైలో ఉంటున్న మన తెలుగువాళ్లను అడగాలనిపించింది. ఈ మధ్య ఏ ఆల్బమ్ వింటున్నారు? మధ్యలోంచి ఏరుకున్న పాట కాదు, వరుస తప్పకుండా చివరిదాకా వింటున్నది చెప్పండి.

నాది ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’. పది రోజులుగా ఇదొక్కటే. పొద్దున క్రోంపేటలో లోకల్ రైలెక్కి మొదలుపెడితే బీచ్ స్టేషన్‌లో దిగేలోపు అయిపోతుంది. ఇది సినిమా కోసం చేసిన సంగీతం కాదు. త్యాగయ్యకూ, జర్మనీ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చారు. ప్రధాన వయొలిన్ వి.ఎస్. నరసింహన్ గారిది. గిండీ దాటి రైలు అడయారు వంతెన మీదికి రాగానే చక్రాల మోత మారిపోతుంది, వయొలిన్ కింద నడిచే మంద్రస్థాయి తీగలు అందులో కలిసిపోతాయి. అందుకని అక్కడ ఆపేస్తాను. సైదాపేట ప్లాట్‌ఫారం రాగానే కాస్త వెనక్కి జరిపి మళ్లీ పెడతాను. ఆ తీగలు వినకపోతే సగం విన్నట్టే.

వరుస గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, మొదటిరోజు ఫోను వాటిని కలగాపులగం చేసి వినిపించింది. ఇందులో ఒకదాని పేరుకు అర్థం ‘బాఖ్‌ను మా ఇంట్లో కలిశాను’. ఆ వెంటనే వచ్చేదాని పేరు చుక్కలతో మొదలవుతుంది: ‘...మేం మాట్లాడుకున్నాం’. రెండూ కలిస్తే ఒక వాక్యం. నా ఫోను మాటలు ముందు వినిపించి, మనిషిని తర్వాత ఇంటికి తీసుకొచ్చింది! ఆ రోజే అనుకున్నాను, వరుస కూడా స్వరకర్త రాసినదేనని.

మా నాన్న ఈ క్యాసెట్టును నెల్లూరు నుంచి మద్రాసు వచ్చినప్పుడు కొన్నారు. లోపలి అట్ట మీద ప్రతి పేరు పక్కనా తనకు తోచిన రాగం పెన్సిల్‌తో రాసుకున్నారు. కొన్ని కొట్టేసి మళ్లీ రాశారు. ఒకచోట మాత్రం రెండు రాగాలు కొట్టేసి, మూడోది రాయకుండా ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఒక్కటీ నేను రోజూ ఇంకోసారి వింటున్నాను.

మరి మీవి?

వడపళని నుంచి:

నేను ‘శక్తి’ బృందం 2023లో తెచ్చిన ‘దిస్ మూమెంట్’ వింటున్నాను. ‘శక్తి’ అన్న పేరుతో 1977 తర్వాత వచ్చిన మొదటి స్టూడియో ఆల్బమ్ ఇది. 2024లో గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, ఇందులో తబలా వాయించిన జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఆ తబలా వింటుంటే ఇప్పటికీ చేస్తున్న పని ఆగిపోతుంది.

మీరు వరుస అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇందులో మొదటిది ‘శ్రీనీస్ డ్రీమ్’. ఆ శ్రీని మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. 2014లో ఈ ఊళ్లోనే, 45 ఏళ్లకే పోయారు. తమతో ఏళ్ల తరబడి వాయించిన మనిషి పేరును ముందు నిలబెట్టి ఆల్బమ్ మొదలుపెట్టారు వాళ్లు.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. మీటిన నాదం చప్పున ఆరిపోతుంది. జంట తీగను లాగి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరు, పలికించడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు వదిలేసి, విడివిడిగా ఐదు తీగలు పెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడితే ఆ పాటను తీగ మీదికి దించుకుని నేర్చుకున్నవారు కదా, అందుకే అది గొంతులాగే వినిపిస్తుంది. ఆయన కచేరీ రికార్డింగు ఏదైనా సరే, ఆలాపన దాటవేయకుండా వినండి.

అణ్ణానగర్ నుంచి:

వరుస మాటకు నేను పూర్తిగా ఒప్పుకోను. నేను వింటున్నది ‘సాగర సంగమం’, 1983. అదీ ఇళయరాజాదే. సినిమా పాటల క్యాసెట్లలో వరుస చాలాసార్లు కథలోని వరుస కాదు. ఏ వైపు ఎంత నిడివి పడుతుందో చూసి సర్దేవారు. కాబట్టి కథలో వచ్చిన క్రమంలో నేనే పేర్చుకుని వింటాను. బాలు, జానకి గార్ల గొంతులు అలా వింటేనే నాకు కథ కళ్లముందు నడుస్తుంది.

పెరంబూరు నుంచి:

మా ఇంట్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ‘బాలాజీ పంచరత్నమాల’. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన ఎల్పీ రికార్డులు. పాత రికార్డుల దుకాణంలో ఒకటి దొరికింది. నెడునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో కూర్చిన ‘నానాటి బదుకు’ దగ్గరికి వచ్చేసరికి మా మనవరాలు హోంవర్కు ఆపి, “తాతయ్యా, నట్టనడిమి అంటే?” అని అడిగింది. బడిలో తమిళం చదువుతుంది, తెలుగు చదవడం రాదు. “సరిగ్గా మధ్యలో అని, తల్లీ” అన్నాను. మర్నాడు భోజనాల దగ్గర పప్పుగిన్నె తెచ్చి “నట్టనడిమి పెట్టాను” అంది. సుబ్బులక్ష్మి గారు ఆ ‘ట్ట’ను అంత నిండుగా పలికారు కాబట్టే పిల్ల చెవిన పడింది.

పాత రికార్డులు కొనేవారికి ఒక మాట. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డను గాడి వెంట గుండ్రంగా తిప్పండి, అడ్డంగా లాగితే గీతలు పడతాయి. మధ్యనున్న కాగితానికి తడి తగలనివ్వకండి. నేను మొదటి రికార్డును అలా తడిపేసి పాడుచేసుకున్నాను.

క్రోంపేట శ్రోత:

అణ్ణానగర్ వారికి: సినిమా పాటల విషయంలో మీ మాట నిజమే, నేను ఆలోచించలేదు. కథకు ఒక వరుస ఉన్నప్పుడు అదే సరైనది. కానీ కథ లేని ఆల్బమ్‌కు ఆ వరుసే కథ అని నా నమ్మకం.

పెరంబూరు తాతయ్య గారూ, మీ మనవరాలి ‘నట్టనడిమి’ని మా అమ్మకు ఫోనులో చెప్పాను. ఆవిడ ఆ పాట మొత్తం నాకు పాడి వినిపించింది.

వడపళని వారు చెప్పిన ‘శ్రీనీస్ డ్రీమ్’ ఈ రోజు సాయంత్రం తిరుగు రైలులో పెట్టాను. ఎగ్మూరులో జనం తోసుకుంటూ ఎక్కారు, చెవిలోని తీగ ఊడిపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఇంకో సంగతి. నాన్న క్యాసెట్ల పెట్టెలో శ్రీనివాస్‌ది కూడా ఒకటి ఉంది, దాని అట్ట మీద పెన్సిల్ రాత ఏమీ లేదు. ఆదివారం నుంచి అది వింటాను. పెన్సిల్ చెక్కి ఉంచాను.