చైనా హోటల్ బఫేలో వెజ్ ఏదో ఎలా తెలుస్తుంది? అర్జెంట్

గుంటూరు ఘాటు: పొద్దుటి నుంచి బుర్ర వేడెక్కిపోయింది. బ్రేక్‌ఫాస్ట్ బఫేలో బోలెడు రకాలున్నాయి, తినేది ఒక్కటీ తేలట్లేదు. బీన్స్ వేపుడనుకుని వేసుకుంటే అడుగున ఖైమా. కూరగాయల నూడుల్స్ చేయించుకుంటే మాంసం వాసన. ‘నో మీట్’ అంటే నవ్వి తలూపుతున్నారు. గూగుల్ తెరుచుకోదు. డబ్బు కట్టిన టిఫిన్ వదిలేసి బిస్కెట్లు తినాలా?

క్లాక్ టవర్: ఏ ఊరు? గుడ్డు తింటారా? ముందు అది చెప్పండి.

నల్లరేగడి: ఊరేదైనా ‘నో మీట్’తో పని జరగదండీ. చాలామంది వంటవాళ్లకు మాంసమంటే కనబడే ముక్కలే. ఖైమా, ఎముకల రసం, పంది కొవ్వు రుచికి వేసేవి కాబట్టి లెక్కలోకి రావు. అందుకే ఒక్కోటీ పేరు పెట్టి వద్దనాలి. రిసెప్షన్‌లో చైనీస్‌లో రాయించుకుని ఫొటో తీసి పెట్టుకోండి: ‘మాంసం, చేప, రొయ్య, ఎముకల సూప్, పంది కొవ్వు, ఓయిస్టర్ (ఆల్చిప్పల) సాస్, చికెన్ పొడి వద్దు.’ చివరి రెండూ మర్చిపోవద్దు, ఆకుకూరల్లో దొంగచాటుగా ఉండేవి అవే.

నూడుల్స్ కౌంటర్లో నూడుల్స్, ఆకుకూర మనం ఎంచుకుంటే జల్లిగరిటెలో వేసి మరిగే నీళ్లలో ముంచి తీస్తారు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత గరిటెడు రసం పోస్తారు, అది పంది ఎముకలదో కోడిదో అయి ఉంటుంది. మీకొచ్చిన వాసన అదే. పోయకముందే ‘బూ యావ్ థాంగ్’ అనండి, రసం వద్దని. సోయా సాస్, నువ్వుల నూనె, వేరుశనగలు పక్కనే ఉంటాయి, కలుపుకోండి. అదే నీళ్లలో చేప ఉండలు కూడా ఉడికిస్తారు. పట్టింపు ఉంటే ఆ కౌంటర్ వైపే వెళ్లొద్దు.

సిగ్నల్ వీరుడు: అసలు సమస్య తిండి కాదు, ఫోన్. హోటల్ వైఫైలో గూగుల్ రాదు. ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే వస్తుంది, డేటా మన కంపెనీ మీదుగా వెళ్తుంది కాబట్టి. అనువాద యాప్‌లో చైనీస్ భాషను ఇండియాలోనే ఆఫ్‌లైన్‌గా దించుకుని వెళ్లాలి. ప్రయాణానికి ముందు ఈ పని చేయనివాళ్లందరికీ ఇదే గతి.

క్లాక్ టవర్: ఆయన అడిగింది టిఫిన్ గురించి.

తులసికోట: గుడ్డు తినేవాళ్లు ‘వెజ్’ అని రాయకండి, అవతలివాళ్లు తప్పుదారి పడతారు.

నల్లరేగడి: అక్కడి ‘సూ’, అంటే శాకాహారం, కూడా ఒక్కటి కాదు. గుళ్ల దగ్గర బౌద్ధుల భోజనశాలల్లో ఉల్లి, వెల్లుల్లి సైతం వేయరు. హోటల్ బఫేలో వెల్లుల్లి లేని ఆకుకూర దొరకడం కష్టం.

తులసికోట: అదే నేనూ అంటున్నా. ‘ప్యూర్ వెజ్’ అని రాయండి.

నల్లరేగడి: చైనాలో ఆ మాట ఎవరికి చెప్తారండీ?

గుంటూరు ఘాటు: గ్వాంగ్‌జౌ. ఫెయిర్‌కి వచ్చాం. నేను గుడ్డు తింటా, నాన్నగారు తినరు. ఉల్లి, వెల్లుల్లి పర్లేదు.

నల్లరేగడి: ఇది మొదటే చెప్పాల్సింది. అక్కడ గంజి రెండు గుండిగల్లో ఉంటుంది. తెల్లగా ఉన్నది తీసుకోండి, పేరు ‘బాయ్ జోవ్’. రెండోదాంట్లో నల్ల గుడ్డు, పంది మాంసం పీచులు వేస్తారు. గరిటె అడుగుదాకా తిప్పి చూడండి. ముల్లంగి కేకు ముట్టుకోవద్దు, లోపల సాసేజ్, ఎండురొయ్య ఉంటాయి. లెట్యూస్ మీద నిగనిగలాడేది ఓయిస్టర్ సాస్. ఎర్రచిక్కుడు తీపి బన్ను లోపలి ముద్దలో పంది కొవ్వు కలిపే పద్ధతి ఉంది, అడిగి తినండి. నాన్నగారికి ఉడికించిన మొక్కజొన్న, చిలగడదుంప, సోయా పాలు, యూత్యావ్ అనే పొడుగు పిండివడ, పండ్లు. ఏమీ నింపని ఆవిరి బన్నును గంజిలో నంజుకోవచ్చు. పెరుగు మాత్రం తియ్యగా ఉంటుంది, అన్నంలో కలిపేరు, జాగ్రత్త.

సిగ్నల్ వీరుడు: రోమింగ్ ఆన్ చేశారా లేదా?

గుంటూరు ఘాటు: రిసెప్షన్‌లో రాయించా. థాంక్స్ అండీ. ఆ నల్ల గుడ్డు దేనిది?