బూటులో పీజో డిస్కులు: 500 అడుగులేసినా కెపాసిటర్ నిండట్లేదు

ప్రశ్న (గుణుపూర్ నుంచి)
కాలేజీ ప్రాజెక్టుకి మడమ కింద 27 మి.మీ. పీజో డిస్కులు (వంచితే కరెంటు ఇచ్చే బిళ్లలు) నాలుగు పారలల్‌లో పెట్టాం. 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జి (ఏసీని డీసీ చేసేది), 1000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఎల్‌ఈడీ పెడితే అడుగడుక్కీ మెరుస్తోంది. కెపాసిటర్ మాత్రం 1.2 వోల్టుల దగ్గరే ఆగిపోతోంది. షాట్కీ డయోడ్లు వెయ్యమంటారా? ఫిట్‌నెస్ బ్యాండు చార్జి చెయ్యాలి.

జవాబు (పర్లాకిమిడి)
షాట్కీ వద్దు తమ్ముడూ, వాటి రివర్స్ లీకేజీయే (వెనక్కి కారే కరెంటు) ఎక్కువ. 1ఎన్4148 డయోడ్లు పెట్టు. అసలు లెక్క చూడు: ఆ సైజు డిస్కు సుమారు 20 నానోఫారడ్. 30 వోల్టులు వచ్చినా చార్జి 0.6 మైక్రోకూలంబ్. నాలుగూ, నొక్కినప్పుడూ వదిలినప్పుడూ కలిపితే అడుగుకి 5 మైక్రోకూలంబ్‌ల లోపే. 1000 మైక్రోఫారడ్‌ని 5 వోల్టులకి తేవాలంటే 5000 కావాలి, అంటే తక్కువలో తక్కువ వెయ్యి అడుగులు. సెకనుకో అడుగంటే 5 మైక్రోఆంపులు. అంత పెద్ద ఎలక్ట్రోలిటిక్ లీకేజీయే దాన్ని తాగేస్తుంది. మీటరు 1 మెగాఓమ్‌దైతే, 5 వోల్టుల దగ్గర అదొక్కటే ఆ 5 మైక్రోఆంపులూ లాగుతుంది. మీటరు తగిలించి వదలకు, చివర్లో ఒక్కసారి చూడు.

డిస్కుకో బ్రిడ్జి పెట్టు. నేరుగా పారలల్ చేస్తే వంగని డిస్కు మిగతావాటికి బరువవుతుంది. బ్రిడ్జిల తర్వాత 100 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్, ఆ తర్వాత ఎల్‌టీసీ3588-1 (ఇలాంటి చిన్న కరెంటుని స్థిరమైన వోల్టేజీగా మార్చి ఇచ్చే చిప్పు). ఔట్‌పుట్ 3.3 వోల్టులకి పెడితే ఇది కెపాసిటర్ దాదాపు 5 వోల్టులకి చేరాక తెరుచుకుని 3.7 దగ్గర మూసుకుంటుంది. మొదటిసారి వందకి పైగా అడుగులు పడతాయి, తర్వాత 40, 50 అడుగులకో బ్లూటూత్ ప్యాకెట్ పంపొచ్చు. బ్యాండు బ్యాటరీ చార్జి చెయ్యడం దీనితో కాదు, ఆ ఆశ ఇప్పుడే వదులుకో. 1998లో ఎమ్ఐటీ మీడియా ల్యాబ్ బూటులోనే పీజోతో సగటున 1, 2 మిల్లీవాట్లు వచ్చాయి.

జవాబు (రాయగడ)
డిస్కుని చదునుగా అతికించావేమో చూడు బాబూ. వంగకపోతే ఏమీ రాదు. పాత ఎక్స్‌రే ఫిల్ము మూడు పొరలు (అర మి.మీ.) అతికించి, లోపల 23 మి.మీ. రంధ్రం వచ్చేలా వలయం కత్తిరించు. డిస్కు అంచు దానిమీద ఆనాలి, తెల్ల పింగాణీ వైపు పైకి. నడిమధ్యన 8 మి.మీ. రబ్బరు బిళ్ల. అలాగైతే పింగాణీ సాగదు, నొక్కుకుంటుంది. తిరగేస్తే పగుళ్లు తొందరగా వస్తాయి.

టంకం అంచు దగ్గర, రెండు సెకన్లలో ముగించు. ఎక్కువ కాలిస్తే వెండి పూత లేచిపోతుంది. సన్నపోగుల వైరు వాడి, అతుకు పక్కన గమ్ముతో బిగించు. తెగేది అక్కడే. వానాకాలం తడి చేరితే చార్జంతా పారిపోతుంది, సిలికాన్ పూయి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం మాత్రం వద్దు, ఇత్తడిని తినేస్తుంది.